పదకొండు బొక్కలు, రెండు బొక్కలు

థర్మాకోల్ విరిచే చప్పుడు వింటే చాలామందికి పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం కోపం వస్తుంది. మొన్న మా ప్రయోగశాలకు మైక్రోస్కోపుకు బిగించే కొత్త కటకం ఒకటి వచ్చింది. అట్టపెట్టె తెరిచి దాని చుట్టూ ఉన్న తెల్లటి దిమ్మను విరుస్తుంటే అదే కీచు. గింజలు రాలి నా చేతికి, చున్నీకి అతుక్కున్నాయి. దులిపినకొద్దీ ఒకచోట వదిలి ఇంకోచోట అంటుకున్నాయి. అలా చేతులు చాచుకుని నిలబడితే జనగామ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నీళ్ళు నింపిన తాంబాళం, దాని మీదికి వంగిన మా స్వరూప మేడం ముఖం గుర్తుకొచ్చాయి. ఇంకో రోజయితే ఆ జ్ఞాపకానికి నవ్వుకునేదాన్నేమో. కానీ ఆ ఉదయమే, డిగ్రీ పిల్లల కోసం తెలుగులో తెస్తున్న ఒక సైన్సు సంకలనానికి నేను రాసిచ్చిన వ్యాసం దిద్దుబాట్లతో తిరిగొచ్చింది. అందులో ఒక మాటను కనబడిన ప్రతిచోటా కొట్టేసి, దాని మీద వేరే మాట రాశారు. కొట్టేసిన మాట బొక్క. అది మా మేడం మాట. ఆ మాట అన్నందుకే ఒకప్పుడు ఆమెకు రావలసిన ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఆమె ఆలోచన అచ్చులోకి వెళ్ళగలిగిన ఒక్క చోటి నుంచి కూడా దాన్ని తీసేస్తున్నారు.

నాకు ఎదుటివాళ్ళ మీద కోప్పడటం చేతకాదు. మా మరిపెడలో బాపు, అంటే మా నాన్న, కిరాణా కొట్లో కూర్చున్నప్పుడు కూడా, చిల్లర తక్కువిచ్చిన మనిషిని పిలవలేక ఊరుకునేదాన్ని. నా కోపమంతా డైరీలోకే పోతుంది. ఈసారి మాత్రం అది అక్కడ ఆగేలా లేదు.

ముందు నా పనేమిటో చెప్పాలి. కంటికి కనబడనంత చిన్న ప్లాస్టిక్ గుళికలు నీళ్ళలో వేస్తే, ఎవరూ పేర్చకుండానే అవి తమంతట తాము దగ్గరికి చేరి వరసలు కడతాయి. ఒక్కోసారి తేనెపట్టు గదుల్లా, ఒక్కోసారి గొలుసుల్లా, ఒక్కోసారి ఏ పద్ధతీ లేని ముద్దలా చేరతాయి. ఎప్పుడు ఏది ఎందుకు వస్తుందో తెలుసుకోవడమే మా పని. దానికి మేము వాడే గణితం పేరు టోపాలజీ. సాగదీసినా, వంచినా, నలిపినా ఒక ఆకారంలో మారకుండా మిగిలేదేమిటో అది చూస్తుంది. ముక్కలెన్ని, మధ్యలో బొక్కలెన్ని అన్నవే దాని మొదటి ప్రశ్నలు. ఇదంతా నేను ఏ పెద్ద విశ్వవిద్యాలయంలోనో నేర్చుకున్నానని మా ల్యాబులో వాళ్ళు అనుకుంటారు. నేను నేర్చుకున్నది ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ ముక్కతో.

స్వరూప మేడంది నర్సింహులపేట. మాకు ఫిజిక్స్ చెప్పేది. అప్పటికి ఏళ్ళ తరబడి ఆ కాలేజీలోనే గంటల లెక్కన పాఠాలు చెబుతోంది, అంటే చెప్పిన గంటకే డబ్బులు, సెలవులకు ఏమీ ఉండవు. సన్నటి మనిషి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినబడేది. నోట్సు చెప్పి రాయించడం ఆమెకు నచ్చేది కాదు. ఆ రోజు తాంబాళంలో నీళ్ళు పోసి, థర్మాకోల్ ముక్కను అరచేతుల మధ్య నలిపి గింజలు రాల్చింది. కాసేపు అవి ఎక్కడివక్కడ తేలాయి. తర్వాత ఎవరో పిలిచినట్టు ఒకదాని వైపు ఒకటి కదిలాయి. దగ్గరికొచ్చినకొద్దీ వేగం పెరిగి టక్కున అతుక్కున్నాయి. చూస్తుండగానే తోక ఉన్న ఎనిమిది అంకెలాంటి ఆకారం ఒకటి తయారైంది.

"ఎవలన్న ముట్టిండ్రా?" అని అడిగింది మేడం.

"లేదు మేడం."

"మరి గిట్ల ఎవలు పేర్చిండ్రు? ఎవలు పేర్చలే. నీళ్ళే దగ్గరికి గుంజినయి. సరే, ఇగ బొక్కలెన్నున్నయో లెక్కవెట్టుండ్రి."

క్లాసంతా రెండు అంది. నేను అనలేదు. నేను ఇంకా లెక్కపెడుతున్నాను. మా ఇంట్లో బొక్క అంటే ముందు ఎముకే. చిన్నప్పుడు బల్ల మీది నుంచి పడితే మా అవ్వ, అంటే మా అమ్మ, పరిగెత్తుకొచ్చి అడిగింది, "బొక్క ఇరిగిందా బిడ్డా?" అనే. అందుకే ఆ ఆకారం నాకు అస్థిపంజరంలా కనబడింది. గింజకూ గింజకూ మధ్య అతుకు ఉన్న ప్రతిచోటా ఒక ఎముక ఉన్నట్టు ఊహించుకుని వాటిని లెక్కపెట్టాను.

"నువ్వేం జెప్పకపోతివి?" అంది మేడం నా వైపు చూసి.

"పదకొండు మేడం."

వెనక బెంచీ నుంచి ఎవరో, "కోడి బొక్కలా, మేక బొక్కలా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మేడం నవ్వలేదు. తాంబాళం దగ్గరికి రమ్మంది. చీపురుపుల్ల చేతికిచ్చి, నేను ఏమేం లెక్కపెట్టానో చూపించమంది. చూపించాను. ఆమె కాసేపు ఆ గింజలను, కాసేపు నన్ను చూసింది. తర్వాత క్లాసు వైపు తిరిగింది.

"గీమె బొక్కలు లెక్కవెట్టింది. మీరు బొక్కలు లెక్కవెట్టిండ్రు. రెండూ కరెక్టే. గింజలెన్ని?"

"పది."

"పదిల నుంచి గీమె బొక్కలు పదకొండు తీసెయ్యిండ్రి. మీ బొక్కలు రెండు కలుపుండ్రి. ఎంతొచ్చె?"

"ఒకటి."

"తాంబాళంల గుంపులెన్ని?"

"ఒకటే మేడం."

ఇంకో రెండు గింజలు వేసింది. అవి ఒక మూలకు పోయి జంటగా అతుక్కున్నాయి. మళ్ళీ లెక్కపెట్టించింది. గింజలు పన్నెండు, ఎముకలు పన్నెండు, బొక్కలు రెండు. తీసి కలిపితే రెండొచ్చింది. గుంపులూ రెండే. పుల్లతో ఒక వలయాన్ని తెంపింది. ఒక ఎముక పోయింది, దాంతోపాటే ఒక బొక్కా పోయింది, గుంపుల లెక్క మాత్రం కదల్లేదు. అప్పటికి ఎవరూ నవ్వడం లేదు. వెనక బెంచీవాళ్ళు కూడా తాంబాళం చుట్టూ చేరి, "మేడం, నన్ను తెంపనియ్యిండ్రి" అని ఎగబడుతున్నారు.

"గింజల్ల నుంచి బొక్కలు తీసి బొక్కలు కలిపితే గుంపులు" అని మేమంతా పొడుపుకథలా బట్టీ పట్టాము. మా మాటలో ఎముకకూ ఖాళీకీ ఒకే పేరు. ఆ లెక్కలో ఆ రెండూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. నా పొరపాటును అంత పెద్ద విషయంగా మార్చిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

తర్వాత ఆదివారాల్లో రైలు పట్టాల పక్కన మేడం అద్దెకున్న ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆమె, వాళ్ళ అవ్వ ఇద్దరే ఉండేవాళ్ళు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే అవ్వ తనే అడ్డం పడేది. "దానికి నేనున్న గద, సాలదా పరేషాన్?" అనేది. గింజలు తమంతట తాము ఎలా అమరుతాయన్న దాని మీదే మేడం ఒకప్పుడు పరిశోధనకు చేరింది. అవ్వ దవాఖాన పాలైనప్పుడు జీతం లేకుండా గడవక మధ్యలో వచ్చేసింది. "ఇడిసిపెట్టినవా మేడం?" అని ఒకసారి అడిగితే, "ఇడిసిపెట్టలే. ఆపిన" అంది, మాట తెంచినట్టు.

ఒక ఆదివారం పాత తువ్వాలను బండ మీద పరిచి, పసుపు కలిపిన నీళ్ళను చుక్కలు చుక్కలుగా వేసింది. చుక్కలు నెమ్మదిగా పాకాయి. పక్కదాన్ని తాకిన చోట రెండు ఒకటయ్యాయి. కొన్ని చుక్కలు చుట్టూ కలుసుకుని మధ్యలో తెల్లటి పొడి జాగాను బంధించాయి.

"గిప్పుడు బొక్క పుట్టింది" అంది. మేము చూస్తుండగానే పసుపు లోపలికి పాకి ఆ తెలుపు మాయమైంది. "గిప్పుడు సచ్చింది. పుట్టంగనె సచ్చేదాన్ని పట్టించుకోకు. ఎక్కువసేపు నిలవడ్డదే అసలు బొక్క. చుక్కలను సమానంగ పెట్టి చూడు, అన్ని బొక్కలు ఒక్కపారి పుడ్తయి, ఒక్కపారి పూడ్తయి. గట్లయితె లోపట వరస ఉన్నట్టు. ఎప్పుడంటె అప్పుడు పుట్టి సస్తున్నయంటె వరస లేనట్టు."

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. "నా బిడ్డ ఎమ్మెస్సీ సదివి బొక్కలు లెక్కవెడ్తాంది. నువ్వుగూడ గదే సదువు సదువుతానవా పిల్లా? మీ అమ్మకు ఎర్కేనా?"

"అవ్వా, నువ్వు జల్లెడ కొంటవు గదా" అంది మేడం. "ఇనుముకు పైసలిస్తవా, బొక్కలకిస్తవా?"

అవ్వ ఆలోచించింది. "బొక్కలు పెద్దగైతె వాపసు ఇస్త" అంది.

"ఇన్నవా?" అని మేడం నన్ను చూసి నవ్వింది.

ఇప్పుడు మేము కంప్యూటర్లతో చేసేది కూడా ఆ తువ్వాలే. ప్రతి గుళిక చుట్టూ ఒక వలయం గీసి దాన్ని పెంచుకుంటూ పోతాము. ఏ బొక్క ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పూడింది అని చూస్తాము. దానికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. ఆ పేర్లు వినకముందే నాకు ఆ పని తెలుసు.

నా చివరి సంవత్సరంలో కాలేజీలో ఫిజిక్స్‌కు ఒక పర్మనెంటు పోస్టు పడింది. దానికి నిలబడ్డవాళ్ళు పెద్దల కమిటీ ముందు మాకు ఒక పాఠం చెప్పి చూపించాలి. మాది తెలుగు మీడియం కాబట్టి తెలుగులోనే చెప్పాలన్నారు. ఆ పోస్టు వస్తే నెల జీతం వస్తుంది, ఆపిన పరిశోధన మళ్ళీ మొదలవుతుంది. రాకపోతే గంటల పని కూడా పోతుంది, ఎందుకంటే ఆ గంటలన్నీ కొత్తగా వచ్చినవాళ్ళవి అవుతాయి. ఇది మా అందరికీ తెలుసు. పాఠం చెప్పే రోజు ఉదయం మేడం తాంబాళాన్ని చింతపండుతో తోమి తెచ్చింది.

కమిటీ పెద్దమనిషి మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మాటకు ముందోసారి, తర్వాతోసారి గొంతు సవరించుకునేవాడు. మేడం ఎప్పటిలాగే గింజలు రాల్చింది. ఎప్పటిలాగే అవి ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. విచిత్రంగా ఆ రోజు కూడా పది గింజలతో ఒక గుంపే తయారైంది. "ఎవలన్న లెక్క చెప్పుండ్రి" అంది మేడం. కొత్తవాళ్ళ ముందు ఎవరూ నోరు విప్పలేదు. నేను లేచాను. పిలవకుండా నేను క్లాసులో లేచి నిలబడటం అదే మొదటిసారి.

"గింజలు పది. బొక్కలు పదకొండు, బొక్కలు రెండు. గుంపు ఒకటి మేడం."

పెద్దమనిషి నవ్వాడు. పక్కనున్నవాళ్ళు ఆయన వైపు చూసి, తర్వాత నవ్వారు.

"ఏమండీ, ఇది ఫిజిక్స్ క్లాసా, మాంసం కొట్టా?" అన్నాడు.

"సార్, పిల్ల చెప్పింది కరెక్టు" అంది మేడం.

"లెక్క సంగతి సరేనండీ. మాట సంగతి చెప్పండి. రంధ్రం అని చక్కటి పదం ఉండగా ఆడపిల్లల తరగతిలో ఇదేం మాట? వినడానికి ఎలా ఉంది?"

"రంధ్రమంటె రాసుకుంటరు సార్. బొక్కంటె చూస్తరు."

"మరి ఎముకను కూడా అదే అంటున్నారు."

"అది గూడ బొక్కనే సార్. గందుకే గీ లెక్క మా పిల్లలకు తొందరగ ఎక్కుతది. మీరు జర తాంబాళం దిక్కు చూడుండ్రి."

ఆయన చూడలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. గింజలు ఎందుకు కదిలాయని ఒక్కరూ అడగలేదు. ఆ లెక్క ఎప్పుడూ అలాగే వస్తుందా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఒక ఫిజిక్స్ పోస్టుకు మనిషిని ఎంచుకోవడానికి వచ్చినవాళ్ళు కళ్ళముందు జరుగుతున్న ఫిజిక్స్‌ను వదిలేసి ఆమె నోటిని చూస్తూ కూర్చున్నారు. తాంబాళంలో గింజలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతివాళ్ళను పిలవమన్నాడు.

పోస్టు వేరేవాళ్ళకు వెళ్ళింది. విషయం బాగుంది గానీ భాష ప్రామాణికంగా లేదని చెప్పారట. ప్రామాణికం! ఎలక తవ్వితే బొక్క, బకెట్ కారితే బొక్క, చెప్పు అరిగితే బొక్క. మా ఊళ్ళలో ముసలివాళ్ళు, పసిపిల్లలు, పూజారి, పాస్టరు అందరూ అనే మాట అది. అందులో అసభ్యం ఏదైనా ఉంటే విన్నవాడి బుర్రలోంచి వచ్చి చేరిందే. మా మాట సినిమాలో రౌడీ నోటా, పనిమనిషి నోటా వినబడితే నవ్వుకున్నవాళ్ళు, అదే మాట బ్లాక్‌బోర్డు ముందు నిలబడి గణితం చెబితే తట్టుకోలేకపోయారు.

ఫలితం తెలిసిన రోజు మేడం స్టాఫ్‌రూమ్ మెట్ల మీద తాంబాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ముఖం ఎర్రబడి ఉంది.

"ఆయనదేడనో తెలుసా పిల్లా? మా పక్క మండలమే. చిన్నప్పుడు ఆయనగూడ కూరల బొక్కలు జీకినోడే. రంధ్రాలు జీకిండా?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ తర్వాత వాళ్ళు భూపాలపల్లి వైపు వెళ్ళిపోయారు. ఘనపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే పని దొరికింది. నాకు పరిశోధనలో సీటు వచ్చాక బస్సులు మారి అక్కడికి వెళ్ళాను. అవ్వకు చెవులు మందగించాయి, నోరు మాత్రం అలాగే ఉంది. "బొక్కల పిల్ల ఒచ్చిందే" అని లోపలికి కేకేసింది. నేను ల్యాబు గురించి చెబుతుంటే మేడం ముందుకు జరిగి కూర్చుంది. కెమెరా ఎంత దగ్గరగా చూస్తుంది, గుళికలు వేలల్లో ఉంటే వలయాలు ఎలా పెంచుతారు, పుట్టుకలూ చావులూ ఒకే బొమ్మలో గీస్తారా అని వదలకుండా అడిగింది. ఒకచోట నేను తప్పు చెప్తే ఆపి దిద్దింది. నా ఫోన్‌లోని బొమ్మను తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చేసింది.

"గిది నేను జెయ్యాల్సిన పని" అంది.

నన్ను దెప్పాలని అనలేదు. ఊరికే, ఉన్నది ఉన్నట్టు అంది. ఎంత మంచి ఉద్దేశంతో ఓదార్చినా అది అబద్ధమే అయ్యేది. మా మాటలేవీ వినబడని అవ్వ రెండు కంచాలు మా ముందు పెట్టి, "సల్లారుతాంది, తినుండ్రి" అంది.

ఆ ఇంటి నుంచి వచ్చాక, ఎప్పటికైనా ఈ లెక్కను ఆమె మాటలోనే రాయాలనుకున్నాను. అలా రాసిందే సంకలనానికి ఇచ్చిన వ్యాసం. మొన్న థర్మాకోల్ గింజలు ఇంకా చున్నీకి ఉండగానే దిద్దుబాట్లను మళ్ళీ తెరిచి చదివాను. అప్పుడుగానీ పూర్తిగా అర్థం కాలేదు. బొక్క ఉన్న ప్రతిచోటా కళ్ళు మూసుకుని రంధ్రం అని మార్చేశారు. "గింజల్లోంచి పదకొండు రంధ్రాలు తీసేసి, రెండు రంధ్రాలు కలపాలి." చదువుకున్న మాట పెట్టేసరికి లెక్కకు అర్థమే లేకుండా పోయింది. ఆ ఆకారంలో పదకొండు రంధ్రాలు ఎక్కడున్నాయి?

ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు భయం. అయినా సంపాదకుడికి ఫోన్ చేశాను.

"మీ వ్యాసం చాలా బాగుందమ్మా" అన్నాడు మర్యాదగా. "ఆ ఒక్క మాటే. పాఠకులు నొచ్చుకుంటారు."

"పదకొండు రంధ్రాలు లేవండి అందులో. అవి ఎముకలు."

"ఓ, అలాగా. అయితే అక్కడ ఎముక అని పెట్టుకుందాం."

"రెండూ ఒకే మాట అయితేనేనండీ అది మా మేడం చెప్పిన పాఠం."

"చూడమ్మా, సభ్యత అనేది ఒకటి ఉంటుంది కదా" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక ఎప్పటిలాగే చెప్పాల్సిన జవాబులన్నీ వరసగా వచ్చాయి.

మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పదకొండు రంధ్రాలు అనగానే ఆమె ఎంత నవ్విందంటే పక్కన అవ్వ "ఏమైందే, ఏమైందే?" అనడం నాకు వినబడింది. నవ్వు ఆగాక ఆమె గొంతు మారింది.

"ఎన్ని చోట్ల కొట్టేసిండ్రు?"

"అన్ని చోట్ల మేడం. ఒక్కటి గూడ ఉంచలే."

"వాళ్ళ మాట నువ్వు ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను."

"మన మాట వాళ్ళు ఉంచరు. అయితె గా జాగలల్ల ఏముంటది మరి?"

నేను కొట్టేసిన చోట్లను మళ్ళీ చూశాను.

"బొక్కలు పడ్డయన్నట్టే గద" అంది. "ఇగ లెక్కవెట్టు."

ఆ సాయంత్రం వ్యాసం ముందు కూర్చుని, రంధ్రం అని ఉన్న ప్రతిచోటా ఆ మాటను చెరిపేశాను. దాని బదులు ఏమీ రాయలేదు. మా మాట పట్టేంత ఖాళీ వదిలాను. పైన ఒక్క వాక్యం చేర్చాను, ఈ లెక్క నాకు నేర్పింది నర్సింహులపేట స్వరూప మేడం అని. ఇలాగే వేస్తే వేయండి, లేదంటే తిప్పి పంపండి అని రాసి పంపేశాను. వేస్తారో లేదో తెలియదు. వేస్తే, మరిపెడలోనో జనగామలోనో ఒక పిల్ల ఆ వాక్యం దగ్గరికొచ్చి ఆగుతుంది. గింజల్లోంచి పదకొండు తీసెయ్యాలి, రెండు కలపాలి. ఏవి తియ్యాలి, ఏవి కలపాలి అని ఒకసారి పైకి చదువుకుంటుంది. రెండు ఖాళీల్లోనూ ఒకే మాట వచ్చి కూర్చుంటుంది. ఆ పిల్ల నోట్లోంచి వచ్చేది రంధ్రం మాత్రం కాదు.